బైండింగ్ చేత్తో రాయాలా, జనరేటర్‌కి ఇచ్చేయాలా

ఆటలు రాసేవాళ్ళు బాగా వాడే సీ లైబ్రరీ ఎస్‌డీఎల్. దానికి ఒక పైథాన్ బైండింగ్‌ను, అంటే ఆ సీ ఫంక్షన్లను పైథాన్ నుంచి పిలవనిచ్చే కోడ్‌ను, తిరుపతి బాలాజీ కాలనీలో ఒకే గదిలో ఉండే ఇద్దరు చూసుకుంటున్నారు. 2025 జనవరిలో ఎస్‌డీఎల్ 3 స్థిరమైన వెర్షన్ వచ్చింది, దానికి తగ్గట్టు బైండింగ్ ఎలా మార్చాలని గొడవా వచ్చింది.

తమ్ముడు: ఇంకా ఎన్నాళ్ళన్నా చేత్తో రాసేది? గీత గీసే రెండర్‌డ్రాలైన్ పేరు రెండర్‌లైన్ అయింది, అది తీసుకునే ఇంట్‌లన్నీ (పూర్ణాంకాలు) ఫ్లోట్‌లయ్యాయి (దశాంశాలు). మనం పేరు మార్చి ఫంక్షన్ ఏ టైపులు తీసుకుంటుందో పైథాన్‌కి చెప్పే ఆర్గ్‌టైప్స్ మర్చిపోయామనుకో, క్రాష్ కూడా అవదు, గీత ఎక్కడ పడుతుందో ఆ వెంకన్నకే తెలియాలి. హెడర్, అదే ఫంక్షన్ల పేర్లు, టైపులు ఉండే సీ ఫైలు, చదివి బైండింగ్ రాసిపెట్టే స్క్రిప్టుకి ఇచ్చేద్దాం.

అన్న: పేర్లు, టైపులు అది పట్టేస్తుంది, కాదనను. అర్థం మారితే? రెండో వెర్షన్లో లైబ్రరీని మొదలుపెట్టే ఇనిట్ సక్సెస్ అయితే సున్నా, ఫెయిలైతే నెగటివ్. ఇప్పుడు సక్సెస్ అంటే ట్రూ, ఫెయిలంటే ఫాల్స్. "సున్నా కంటే తక్కువైతే ఎర్రర్" అని మనం రాసుకున్న లైన్ ఇక జన్మలో పనిచేయదు.

తమ్ముడు: ఇచ్చేది బూల్ (ట్రూ లేదా ఫాల్స్) అని హెడర్లోనే ఉంది కదా! ఫాల్స్ వస్తే ఎర్రర్ అని ఒక్క రూల్ పెడితే సరి.

అన్న: కీబోర్డు, మౌస్ ఈవెంట్లేమైనా వచ్చాయా అని అడిగే పోల్‌ఈవెంట్ కూడా బూలే ఇస్తుంది సామీ. అక్కడ ఫాల్స్ అంటే క్యూలో ఏమీ లేదని, అంతే. నీ రూల్ పెడితే మౌస్ కదపకుండా కూర్చున్నవాడి ఆట కూడా ఎర్రర్‌తో పడిపోతుంది.

తమ్ముడు: అలాంటివాటికి ఒక లిస్టు పెడదాం.

అన్న: ఆ లిస్టు ఎవరు రాస్తారు? అదీ చేత్తో రాయడమే. ఇంకా ఉంది, గెట్‌క్లిప్‌బోర్డ్‌టెక్స్ట్ ఇచ్చిన స్ట్రింగ్ మెమరీని మనమే ఫ్రీ చేయాలి, అంటే వెనక్కి ఇచ్చేయాలి, గెట్‌ఎర్రర్ ఇచ్చినదాన్ని ఫ్రీ చేయకూడదు. రెండిటికీ సీటైప్స్‌లో (పైథాన్ నుంచి సీ ఫంక్షన్లను పిలిచే మాడ్యూల్) సీ_చార్_పీ అనే స్ట్రింగ్ టైపు పెట్టేశావంటే పైథాన్ దాన్ని బైట్స్‌గా మార్చేసి పాయింటర్, అంటే మెమరీ అడ్రసు, పారేస్తుంది, ఇక ఫ్రీ చేయడానికి నీ చేతిలో ఏమీ ఉండదు, మెమరీ లీకు మాత్రం మిగులుతుంది.

తమ్ముడు: మరి వల్కన్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీకి ఎలా కుదిరింది? ఏ పాయింటర్ వెనక ఎన్ని విలువలు ఉంటాయి, ఏ ఫంక్షన్ ఏ ఎర్రర్ ఇస్తుంది, అంతా ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంది. హెడర్లు కూడా దాన్నుంచే పుడతాయి.

అన్న: అది రాసి పెట్టింది వల్కన్ వాళ్ళే కాబట్టి కుదిరింది. ఇక్కడ ఫ్రీ చేయాలన్న మాట హెడర్లో కామెంటుగా ఉంది, మనిషి చదవాల్సిందే.

తమ్ముడు: సరే, టైపులు స్క్రిప్టుకి, లిస్టు నీకు.

అన్న: లిస్టు రాస్తాను. టెస్టులు మాత్రం నీవి.

తమ్ముడు: టెస్టులు నడిచే సర్వర్లో స్క్రీన్ లేదు కదా, విండో ఎలా తెరిచేది?

అన్న: స్క్రీన్ లేకున్నా పనిచేసే డమ్మీ వీడియో డ్రైవర్ పెట్టు. పోల్‌ఈవెంట్‌తో మొదలుపెట్టు.