పక్క గడిలో అసలు లెక్క

నగర పాలక మండలి కొత్త బడ్జెట్ పెట్టిన మర్నాడు పేపర్లలో పెద్ద అక్షరాల్లో కనిపించేవి కేటాయింపులే. పార్కులకు ఇంత, కమ్యూనిటీ హాళ్లకు ఇంత, గ్రంథాలయాలకు ఇంత అని మేమూ అవే శీర్షికలు పెడతాం. బడ్జెట్ పుస్తకం తెరిచి చూస్తే మాత్రం ఒక్కో పద్దుకు ఎదురుగా సాధారణంగా మూడు నాలుగు గళ్లుంటాయి. కిందటేడు వాస్తవంగా అయిన ఖర్చు, ఈ ఏడాది అనుకున్న అంచనా, దాన్ని మధ్యలో సవరించిన అంకె, వచ్చే ఏడాదికి వేసిన అంచనా. సభలో చదివేది ఈ చివరి గడినే. వాడవాడకూ ఏం దక్కిందో చెప్పేది మొదటి గడి.

ఈ రెంటికీ మధ్య దూరం ఎలా పెరుగుతుందో బడ్జెట్లు తయారు చేసేవాళ్లకు బాగా తెలుసు. ఆదాయాన్ని ఆశగా అంచనా వేస్తారు. పన్ను వసూళ్లు తగ్గితే ఏదో ఒకటి ఆపాలి. జీతాలు, పింఛన్లు, అప్పుల వాయిదాలు, కరెంటు బిల్లులు ఆపడానికి వీల్లేదు. ఫ్లైఓవర్ లాంటి పెద్ద పనికి కాంట్రాక్టు అయిపోయి ఉంటుంది. ఇక మిగిలేవి టెండరు దాకా రాని చిన్న పనులు. ఆటస్థలానికి కంచె, వీధి చివర మురుగు కాలువ, అంగన్‌వాడీ గదికి పైకప్పు. ముందుగా కోత పడేది వీటికే. సవరించిన అంచనాల్లో అంకె చడీచప్పుడు లేకుండా చిక్కిపోతుంది. దాని మీద ఎవరూ ప్రెస్‌మీట్ పెట్టరు.

డబ్బు ఖర్చయిన చోట కూడా ఇంకో చిక్కుంది. కొత్తగా కట్టిన ఒక రీడింగ్ రూమ్‌ను ఊహించుకోండి. గుమ్మం పక్కన నల్లరాతి శిలాఫలకం ఇంకా మెరుస్తూనే ఉంటుంది. లోపల నాలుగు ట్యూబ్‌లైట్లలో రెండు వెలగవు, పేపర్ల స్టాండు ఖాళీ, సాయంత్రం తలుపు తీసే మనిషి లేడు. భవనం మూలధన వ్యయం, అంటే కట్టడాల్లాంటి వాటికి ఒకసారి పెట్టే ఖర్చు కింద వచ్చింది. లైబ్రేరియన్ జీతం, పుస్తకాలు, బల్బులు రెవెన్యూ వ్యయం, అంటే ఏటా నడపడానికి అయ్యే ఖర్చు కింద రావాలి. ఆ పద్దులో ఎవరూ ఏమీ రాయలేదు. చదువుకోవడానికి వేరే చోటు లేని పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. ఏటా నడిపే ఖర్చు ఎంతో, అది ఏ పద్దు నుంచి వస్తుందో చెప్పకుండా ఏ కట్టడాన్నీ మండలి ఆమోదించకూడదని మా గట్టి అభిప్రాయం.

దీనికి దారి లేకపోలేదు. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరం 1989లో బడ్జెట్ చర్చను వాడల్లోకి తీసుకెళ్లింది. నగరాన్ని 16 ప్రాంతాలుగా విడదీసి, సభలు పెట్టి, ఏ పని ముందు కావాలో జనాన్నే అడిగింది. డబ్బు పంపిణీకి ముందే ఒక సూత్రం రాసుకుంది. ఎక్కడ ఎక్కువ కొరత ఉంది, ఎంతమంది ఉంటున్నారు, ఆ ప్రాంతం దేన్ని ముందు కోరింది అన్నవే కొలతలు. గొంతు పెద్దదైన వాడకే అన్నీ పోకుండా కాపాడింది ఈ సూత్రమే. 1990 నుంచి 2004 వరకు బ్రెజిల్ నగరాల లెక్కలు పరిశీలించిన పరిశోధకురాలు సోనియా గొన్సాల్వెస్, ఈ పద్ధతి పాటించిన చోట పారిశుద్ధ్యం, ఆరోగ్యం మీద ఖర్చు వాటా పెరిగిందనీ, శిశు మరణాలు తగ్గాయనీ తేల్చారు. మురుగు కాలువ పద్దుకూ పసిబిడ్డ ప్రాణానికీ ఉన్న సంబంధం ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

అంత పేరొచ్చిన పోర్తో అలెగ్రెలోనే 2017లో ఆ సభలు ఆగిపోయాయి. పాలకుల ఇష్టం మీద నడిచేది వాళ్ల అయిష్టంతో ఆగుతుంది. అందుకే పోలండ్ 2018లో చేసిన మార్పు మాకు నచ్చింది. అక్కడి పెద్ద నగరాలు ఖర్చులో కనీసం 0.5 శాతాన్ని పౌరులు నిర్ణయించే పనులకు కేటాయించాలని చట్టమే చెబుతోంది. ఆ వాటా చాలా తక్కువ, నిజమే. అయినా మేయర్ మారితే పోయేది కాదు.

బడ్జెట్‌ను ఓటింగుకు పెట్టే ముందు మండలి చేయగలిగిన పని ఒకటుంది. వార్డువారీగా, పనుల వారీగా కిందటేడు ఎంత అన్నారు, ఎంత ఖర్చు పెట్టారు, ఏది ఆగింది, ఎందుకు ఆగింది అన్నది ఒక్క పేజీలో మామూలు మాటల్లో రాసి ప్రతి వార్డు ఆఫీసు గోడ మీద అతికించాలి. ఆగిన పనులు కొత్త జాబితాలో మొదట ఉండాలి. ఆ కాగితం చదివి జనం ప్రశ్నలు అడగడానికి కనీసం రెండు వారాల గడువివ్వాలి. ఓటింగు ఆ తర్వాతే పెట్టాలి.