భర్తను కాసేపు బయట కూర్చోమనండి

జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి ఓపీకి వచ్చే ఆడవాళ్ళు చెప్పుకునే బాధలు ఏ ఊళ్ళోనైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నిద్ర పట్టడం లేదు, గుండె దడ, తల నరాలు లాగుతున్నాయి, ఒళ్ళంతా మంటలు, అరికాళ్ళు తిమ్మిర్లు, ఊరికే ఏడుపొస్తోంది. పక్కన భర్తో అత్తో నిలబడి ఉంటారు. డాక్టరు ఆమెను అడిగిన ప్రశ్నకు సగం జవాబు వాళ్ళే చెప్పేస్తారు: "అన్నిటికీ టెన్షన్ పడుద్ది సార్, పని మీద ధ్యాస లేదు, పిల్లల్ని కూడా పట్టించుకోదు." వెనక క్యూ పెరిగిపోతుంటుంది. దిగులుకి ఒక మాత్ర, నిద్రకి ఒక మాత్ర రాసిన చీటీ చేతికొస్తుంది. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అమ్మా అన్న ప్రశ్న మాత్రం ఆ గదిలో వినపడదు. భర్త పక్కనుండగా అడిగితే ఉపయోగం లేదు సరికదా, ఇంటికెళ్ళాక "డాక్టరుతో ఏం చెప్పావ్?" అంటూ ఇంకో దెబ్బ పడొచ్చు.

ఆ ప్రశ్న అడగకుండా చేసే వైద్యం చాలాసార్లు ఆమెకు హాని చేస్తుందని నా వాదన. దాన్ని అడగడం సామాజిక కార్యకర్తల పని, పోలీసుల పని అనుకునే డాక్టర్లు చాలామంది ఉన్నారు. కానీ జ్వరంతో వచ్చిన రోగిని దోమలు కుట్టాయా అని అడగడం ఎంతగా వైద్యంలో భాగమో, ఇదీ అంతే.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుంచి 49 ఏళ్ళ వయసున్న పెళ్ళైన ఆడవాళ్ళలో భర్త చేతిలో హింస అనుభవించినవాళ్ళు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఇవి ఇంటికొచ్చిన సర్వేయరుకి ధైర్యం చేసి చెప్పినవాళ్ళ లెక్కలు మాత్రమే. అత్తమామలను గౌరవించలేదనో, చెప్పకుండా బయటికెళ్ళిందనో, వంట సరిగా చేయలేదనో భర్త కొట్టడంలో తప్పులేదని అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ 83 శాతానికి పైగా ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్ళలో సుమారు 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. సాయం అడిగినవాళ్ళు కూడా ఎక్కువగా పుట్టింటి గడపే తొక్కారు. డాక్టరుకి చెప్పుకున్నవాళ్ళు చాలా చాలా తక్కువ. అయినా ఆసుపత్రికి మాత్రం వస్తూనే ఉన్నారు, తలనొప్పి పేరుతో, గ్యాస్ ట్రబుల్ పేరుతో, నరాల వీక్‌నెస్ పేరుతో.

జిల్లా పేజీల్లో "కడుపునొప్పి భరించలేక వివాహిత ఆత్మహత్య" అని వచ్చే నాలుగు లైన్ల వార్తలు మనకు కొత్త కాదు. ఒకప్పుడు "స్టవ్ పేలి" అనేవారు. వాటిలో నిజమైన కడుపునొప్పులు ఎన్నో తేల్చే ప్రయత్నం ఎవరూ చేయరు. నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్ళలో సగానికి పైగా గృహిణులు. పురుగుల మందు తాగి బతికి బయటపడిన అమ్మాయికి క్యాజువాలిటీలో కడుపు కడిగి, ఇంజెక్షన్లు ఇచ్చి, ప్రాణం నిలబెట్టి పంపిస్తారు. ఏ ఇంట్లోంచి ఆ మందు డబ్బా దగ్గరికి వచ్చిందో అదే ఇంటికి పంపిస్తారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఇలాంటివాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వాళ్ళకు సంరక్షణ, చికిత్స, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని చెప్తోంది. డిశ్చార్జికి ముందు ఒక్క అరగంట ఆమెతో ఒంటరిగా మాట్లాడటం ఆ బాధ్యతలో అన్నిటికన్నా చిన్న ముక్క. అదీ జరగడం లేదు.

ఇక ఆ చీటీలోని మాత్రల సంగతి. తీవ్రమైన ఘటన జరిగిన మొదటి నెలలో భయానికి గానీ నిద్రలేమికి గానీ పెద్దవాళ్ళకు ఆల్‌ప్రాజోలం, క్లోనజెపాం తరహా నిద్ర, ఆందోళన మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. మన దగ్గర వాటినే ముందు రాస్తారు, మెడికల్ షాపులో చీటీ లేకుండా కూడా దొరుకుతాయి. అలవాటు పడిపోవడం ఒక ప్రమాదం. ఇంకో ప్రమాదం గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. రాత్రి పదకొండింటికి గేటు చప్పుడైతే చాలు ఉలిక్కిపడి లేచే మనిషిని మనం రోగి అంటున్నాం. ఆ ఇంట్లో ఆ ఉలికిపాటు ఆమెకు రక్షణ. అతను ఏ మూడ్‌లో వచ్చాడో అడుగుల చప్పుడుని బట్టి పసిగట్టి, పిల్లల్ని పక్కగదిలోకి తోసేంత సమయం ఆమెకు దానివల్లే దొరుకుతోంది. హింస సంగతి తెలియకుండా గాఢనిద్ర పట్టించే మాత్ర ఇస్తే ఆ కాస్త రక్షణ కూడా తీసేసినట్టే.

డాక్టర్లు ఆ ప్రశ్న అడగకపోవడానికి, మానసిక గాయం అనే జబ్బును వైద్యం గుర్తించిన చరిత్రలో కూడా ఒక కారణం కనిపిస్తుంది. ఘోరమైన ఘటన తర్వాత మనసుని వదలని ఆ గాయానికి పీటీఎస్‌డీ అన్న పేరు 1980లో అమెరికన్ మనోవైద్యుల జబ్బుల పట్టికకెక్కింది, వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం అందుకు పెద్ద కారణం. సైనికుడికి యుద్ధం ఎప్పుడో అయిపోయింది, అతని మనసు మాత్రం ఇంకా అక్కడే ఉంది. పాఠ్యపుస్తకం లెక్కంతా అలాంటి మనిషి చుట్టూ తయారైంది. రోజూ కొట్టే భర్తతో ఉంటున్న మనిషికి అది అతకదు, ఆమెకు యుద్ధం అయిపోలేదు. ఏళ్ళ తరబడి తప్పించుకోలేని హింసలో ఉన్నవాళ్ళ గాయం వేరుగా ఉంటుందని అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో గట్టిగా వాదించారు. తన మీద తనకే అసహ్యం, ఎవర్నీ నమ్మలేకపోవడం, కోపాన్నీ ఏడుపునీ అదుపు చేసుకోలేకపోవడం దాని గుర్తులు. సంక్లిష్ట పీటీఎస్‌డీ పేరుతో దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో చోటు దొరికింది, ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మూడు దశాబ్దాలు పట్టింది. ఈలోగా ఇలాంటి ఆడవాళ్ళకు హిస్టీరియా అనీ, యాక్టింగ్ అనీ, దయ్యం పట్టిందనీ ఎన్ని పేర్లు పెట్టారో.

చికిత్స లేక కాదు. జరిగినదాన్ని భద్రమైన చోట, శిక్షణ ఉన్న మనిషి దగ్గర, నెమ్మదిగా తలుచుకుంటూ దాని పట్టు సడలించుకునే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, కళ్ళ కదలికల సాయంతో చేసే ఈఎమ్‌డీఆర్ పీటీఎస్‌డీకి పనిచేస్తాయని ఆధారాలున్నాయి. అయితే ఇక్కడ వరస ముఖ్యం. ముందు భద్రత, ఆ తర్వాతే జ్ఞాపకాల జోలికి వెళ్ళడం. ఇవాళ రాత్రి అదే ఇంటికి వెళ్ళాల్సిన మనిషిని గతమంతా తవ్వి చెప్పమనడం క్రూరత్వం. "అంతా చెప్పేసి ఏడ్చెయ్, బరువు దిగిపోద్ది" అని ఘటన జరిగిన మర్నాడే కూర్చోబెట్టి కక్కించడం కూడా మేలు చేయదని తేలింది.

భద్రత అంటే కొన్ని సూటి ప్రశ్నలు. ఎప్పుడైనా గొంతు నులిమాడా? చంపేస్తానన్నాడా? ఇంట్లో కత్తి, పురుగుల మందు అందుబాటులో ఉన్నాయా? కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా? విడిపోవాలనుకుంటున్న సంగతి అతనికి తెలుసా? వీటిలో గొంతు ప్రశ్న చాలా ముఖ్యమైనది. ఒకసారి గొంతు నులిమినవాడి చేతిలో ఆ తర్వాత ప్రాణం పోయే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని హత్య కేసుల మీద జరిగిన అధ్యయనాలు చెప్తున్నాయి. పైగా గొంతు నులిమితే బయటికి ఒక్క గాటు కూడా కనపడకపోవచ్చు. తలకు తగిలిన పాత దెబ్బల గురించీ అడగాలి. మతిమరుపు, తలనొప్పి, చిరాకు అని మనం డిప్రెషన్ కింద రాసుకున్నవి కొన్ని గోడకేసి కొట్టిన తల వల్ల వచ్చినవి కావచ్చు.

జబ్బు పేరే ఆయుధంగా మారడం కూడా ఉంది. ఓపీ చీటీ ఆమె చేతిలో ఉండదు, భర్త జేబులో ఉంటుంది. గొడవ కోర్టుకెక్కాక "నా భార్యకు పిచ్చి, ఇదిగో మందుల చీటీ" అని అదే బయటికొస్తుంది. హిందూ వివాహ చట్టంలో మానసిక వ్యాధి విడాకులకు ఒక కారణం కావడం దీనికి ఊతం. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన ఒక కేసులో, భార్యాభర్తలిద్దరూ డాక్టర్లే, భార్యకు స్కిజోఫ్రీనియా ఉందన్న వాదన మీద విడాకులు ఇవ్వడానికి 2013లో సుప్రీంకోర్టు నిరాకరించింది. జబ్బు పేరు ఉన్నంత మాత్రాన చాలదని అదే కోర్టు 1988లోనూ చెప్పింది. ఇదివరకు ఎప్పుడో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడు మానసిక వ్యాధి ఉన్నట్టు తేల్చకూడదని 2017 చట్టం కూడా అంటోంది. కానీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళగలిగే ఆడవాళ్ళు ఎందరు? కేస్ షీట్‌లో "తరచూ కొట్లాడుతుంది, అనుమానం ఎక్కువ" అని భర్త మాటను రాసుకునే డాక్టరు, అవి ఎవరి మాటలో కూడా పక్కనే రాయాలి. అది రాస్తే రేపు ఆమెకు కోర్టులో సాక్ష్యం. రాయకపోతే అదే ఆమె మీద సాక్ష్యం.

చట్టం డాక్టరుకి అప్పగించిన పని ఇంకొకటి ఉంది. 2005 గృహహింస చట్టం కింద మరుసటి ఏడాది వచ్చిన నిబంధనల ప్రకారం, చికిత్సకు వచ్చిన బాధితురాలి తరఫున గృహహింస నివేదిక అప్పటికి దాఖలు కాకపోతే, ఆ ఫారం ఆసుపత్రే నింపి, ఆ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణ అధికారికి పంపాలి. నివేదిక లేదని చికిత్స నిరాకరించకూడదు. ఈ ఫారాన్ని ఎప్పుడైనా చూశారా అని మీకు తెలిసిన డాక్టర్లను అడిగి చూడండి. అవే నిబంధనల్లో కౌన్సెలింగ్ గురించి ఒక గొప్ప మాట ఉంది: కొట్టినందుకు సమర్థన చెప్పుకునే అవకాశం అవతలివాడికి ఇవ్వకూడదు, ఆ సంగతి అతనికి ముందే చెప్పాలి. మన కౌన్సెలింగుల్లో జరిగేది పూర్తిగా తలకిందులు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "నువ్వు నోరు తగ్గించుకో అమ్మా, నువ్వు చెయ్యి తగ్గించుకో బాబూ" అని రెండు తప్పుల్నీ ఒకే తూకంలో వేస్తారు. ఆమె నిజం చెప్తే ఇంటికెళ్ళాక తన్నులు, చెప్పకపోతే రాజీ కాగితం. హింస ఉన్న ఇంట్లో దంపతులిద్దరికీ కలిపి కౌన్సెలింగ్ ఇచ్చే ముందు ఆమెతో విడిగా మాట్లాడి తీరాలి.

ఇదంతా మన దేశంలో కుదిరేది కాదు అనేవాళ్ళకు ముంబయి జవాబు. బాంద్రాలోని భాభా మునిసిపల్ ఆసుపత్రిలో 2000లో సెహత్ అనే సంస్థ, నగర పాలక సంస్థ కలిసి 'దిలాసా' కేంద్రం తెరిచాయి. క్యాజువాలిటీలో, ఓపీలో, వార్డుల్లో ఉన్న డాక్టర్లకూ నర్సులకూ హింస గుర్తులు పట్టడం నేర్పి, అనుమానం వచ్చిన ప్రతి మనిషినీ అదే ఆసుపత్రిలోని కౌన్సెలర్ దగ్గరికి పంపేలా చేశాయి. కేరళ 'భూమిక' పేరుతో ఇలాంటి కేంద్రాలు ఆరోగ్య శాఖలోనే పెట్టుకుంది. మన జిల్లాల్లో హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే, 2015 నుంచి మొదలైన సఖి కేంద్రాలున్నాయి. హైదరాబాద్‌లో 2016లో వచ్చిన అలాంటి కేంద్రమే భరోసా ఉంది. ఉన్నవి మంచివే. కానీ అక్కడికి చేరేది నాకు హింస జరుగుతోంది అని తెలిసి, చెప్పగలిగి, గడప దాటగలిగిన మనిషి. గడప దాటడానికి ఆసుపత్రి తప్ప వేరే సాకు లేని మనిషి కోసం ఆసుపత్రిలోనే మనిషి ఉండాలి.

మగవాళ్ళ గురించి మాట్లాడకుండా నివారణ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు ఆడవాళ్ళు తాగుడునీ తన్నుల్నీ ఒకే మాటగా చెప్పారు. తరచూ తాగే భర్త ఉన్న ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం శారీరక లేదా లైంగిక హింస అనుభవించారని, అసలు తాగని భర్తలున్నవాళ్ళలో అది 23 శాతమని కుటుంబ సర్వే చెప్తోంది. ఆ 23 శాతాన్ని మర్చిపోకూడదు, తాగుడు ఒక్కటే కారణమైతే అది ఉండేది కాదు. అయినా కొట్టే మగవాళ్ళలో చాలామంది తమంతట తాము మనోవైద్యుడి ముందుకు వచ్చే చోటు ఒకటుంది: మందు మాన్పించే సెంటర్. అక్కడ లివర్ పరీక్ష చేస్తారు, ఎన్ని క్వార్టర్లు అని అడుగుతారు. భార్యను కొడతావా అని అడగరు. చికిత్సకు తీసుకొచ్చిన భార్యను పక్కకు పిలిచి మాట్లాడరు.

దీర్ఘకాలం తాగేవాళ్ళలో కొందరికి భార్య మీద అనుమానం జబ్బుగా ముదురుతుంది. ఫోన్ లాక్కుంటారు, బట్టలు వాసన చూస్తారు, పుట్టిన బిడ్డ నా బిడ్డేనా అంటారు. ఇది చంపేదాకా వెళ్ళగల జబ్బు. రోగి సమాచారం గోప్యంగా ఉంచాలన్న 2017 చట్టమే, ఇంకొకరిని హింస నుంచి కాపాడేందుకు అవసరమైన మేరకు దాన్ని చెప్పవచ్చని 23వ సెక్షన్‌లో వీలిచ్చింది. అనుమానపు జబ్బు రాసుకున్న ప్రతి కేస్ షీట్ మీద భార్యకు జాగ్రత్త చెప్పామా లేదా అన్న గడి ఒకటి ఉండాలని గట్టిగా కోరుతున్నాను.

హింసను నయం చేయాల్సిన చోటే హింస జరిగితే ఇక చెప్పేదేముంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన పాకకు నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. గొలుసులు వేయడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది. ఒంటరిగా బంధించడాన్నీ నిషేధించింది. శిక్షగా గానీ, సిబ్బంది తక్కువున్నారని గానీ రోగిని కట్టేయకూడదు, ప్రాణాపాయం ఆపడానికి వేరే దారి లేనప్పుడే, మనోవైద్యుడి అనుమతితోనే అని రాసింది. చిన్నప్పుడు ఇంట్లోనే లైంగిక హింసకు గురైన అమ్మాయిని నలుగురు మగ అటెండర్లు పట్టుకుని సూది వేస్తే ఆమె శరీరానికి అది చికిత్సలా అనిపించదు. వార్డుల్లో ముప్పై మందికి ఒక నర్సు ఉంటే ఆ నర్సూ భయంతోనే పనిచేస్తుంది, రోగుల చేతిలో దెబ్బలు తినే సిబ్బంది బాధ కూడా నిజమే. నియామకాలు చేయకుండా కట్టేయొద్దని చెప్పడం వల్ల లాభం లేదు.

కాబట్టి అడగాల్సినవి పెద్ద బడ్జెట్లు కూడా కావు. ప్రతి జిల్లా ఆసుపత్రి మానసిక ఓపీలో తలుపు వేసుకోగలిగే ఒక గది. రోగితో మొదటి పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడటం అందరికీ ఒకే రూలు, అప్పుడు ఏ భర్తా తననే ప్రత్యేకంగా బయటికి పంపారని అనుమానించడు. బల్ల సొరుగులో గృహహింస నివేదిక ఫారాలు, గోడ మీద జిల్లా రక్షణ అధికారి నంబరు. నిద్రమాత్ర రాసే ముందు ఇల్లు భద్రమా అని రాసుకునే ఒక లైను. 181 మహిళా హెల్ప్‌లైన్, మానసిక సాయానికి 14416 టెలీ మానస్ నంబర్లను ఆమె చేతికి కార్డు మీద ఇవ్వకూడదు, ఇంట్లో ఆ కార్డు దొరుకుతుంది. వాటిని ఆడవాళ్ళ బాత్రూమ్ తలుపు లోపలి వైపు అతికించాలి.