క్యాడ్ ఉండగా గీతలెందుకు?

డ్రాఫ్టింగ్ ఆఫీసుల్లో సమస్త తగాదాలకూ మూలం ఒక్కటే: డ్రాయింగు. గీస్తే క్లయింటు చూస్తాడు. చూస్తే మార్పు చెబుతాడు. మారిస్తే స్ట్రక్చరల్ ఇంజనీరు గారు కాలమ్ కదిలిందంటారు. కాలమ్ వెనక్కి జరిపితే వాస్తు సిద్ధాంతి గారు ఈశాన్యం తగ్గిందంటారు. అసలు గీయనే గీయకపోతే ఈ గొడవ ఒక్కటీ ఉండదు. కానీ కంప్యూటర్ ముందు మనిషి ఖాళీగా కూర్చుంటే యజమానికి అనుమానం వస్తుంది. పొద్దస్తమానం తలమునకలుగా పనిచేస్తూ, సాయంత్రానికి ఒక్క లైనూ పడకుండా చూసుకోవడం అందరికీ అబ్బే విద్య కాదు. అందుకొక రాజమార్గం ఉంది. విండోస్ కోసం రాసిన క్యాడ్‌ని, అంటే కంప్యూటర్లో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్‌ని, విండోస్ కాని చోట నడపడం.

కాలం కూడా కలిసొచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో 8వ తరానికి ముందున్న ప్రాసెసర్లు దాదాపు ఏవీ పనికిరావంటుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా అడుగుతుంది. ఏళ్ల తరబడి ఇళ్ల ప్లాన్లు చకచకా గీసిన నాలుగో తరం ఐ5 మిషను ఒక్కపూటలో పాత సామాను అయిపోయింది. “విండోస్‌కి బదులు లినక్స్ వేసెయ్యండి సార్, ఫ్రీ, వైరస్ రాదు” అని చెప్పేవాడు ప్రతి ఆఫీసుకీ ఒకడుంటాడు. అతను ఎప్పుడూ డ్రాయింగులు గీయడు. అతని మాట తప్పక వినాలి.

క్యాడ్ పుట్టుకతోనే విండోస్ సొత్తు కదా అని యజమాని శంకిస్తే చరిత్ర చెప్పండి. క్యాడ్‌లో పెద్ద పేరైన ఆటోక్యాడ్ బజారుకొచ్చింది 1982 డిసెంబర్‌లో. విండోస్ మొదటి వెర్షన్ వచ్చింది 1985 నవంబర్‌లో. మధ్యలో, ఆ తర్వాతా ఆటోక్యాడ్ డాస్ మీద, యూనిక్స్ వర్క్‌స్టేషన్ల మీద, మ్యాకింటాష్ మీద నడిచింది. 1997లో రిలీజ్ 14తో విండోస్ ఒక్కటే మిగిలింది. మ్యాక్‌కి 2010లో తిరిగొచ్చింది, లినక్స్‌కి రాలేదు. యంత్ర భాగాలను 3డీలో గీసే సాలిడ్‌వర్క్స్ 1995లో పుట్టిందే విండోస్ కోసం. కాబట్టి మనం చేయబోయేది పూర్వ వైభవ పునరుద్ధరణ అని చెబితే, ఏ యజమానైనా రెండు వారాలు గడువిస్తాడు.

గీయకుండా ఉండే పద్ధతుల్లో ఉత్తమోత్తమం వైన్. 1993లో మొదలైన ఈ ప్రాజెక్టు, విండోస్ ప్రోగ్రాము అడిగే ప్రతి పనినీ అప్పటికప్పుడు లినక్స్‌కి అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. దీంట్లో చిన్న యుటిలిటీలు హాయిగా నడుస్తాయి. పెద్ద పెద్ద గేములు కూడా నడుస్తాయి, మన ఆశకు ఆధారం అదే. “అంత గేము నడిస్తే ఆటోక్యాడ్ నడవదా?” నడవదు, ఎందుకంటే గేము లాడ్జిలో దిగిన ప్రయాణికుడి లాంటిది: ఒక గదిస్తే చాలు. దానికి కావలసిన విండోస్ వాళ్ల డైరెక్ట్3డీ గ్రాఫిక్సుని డీఎక్స్‌వీకే అనే పొర లినక్స్‌కి తెలిసిన వల్కన్‌లోకి మార్చేస్తుంది, పని జరిగిపోతుంది. క్యాడ్ ఇల్లరికపు అల్లుడు. దానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్ కావాలి, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీ కావాలి, వెనకాల ఎప్పుడూ నడిచే లైసెన్స్ సర్వీసు కావాలి, లోపల ఒక బ్రౌజర్ కావాలి, పెద్ద షీట్లు అచ్చేసే ప్లాటర్ డ్రైవర్లు కావాలి. ఒక్కటి తగ్గినా అలుగుతుంది.

పద్ధతిగా చేయాలంటే ముందు కొత్త వైన్‌ప్రిఫిక్స్ పెట్టాలి, అంటే ఈ ఒక్క ప్రోగ్రాము కోసం వేరే ఫోల్డర్, అందులో ఒక దొంగ సీ డ్రైవు. 64 బిట్‌దే పెట్టాలి. తర్వాత విన్‌ట్రిక్స్ అనే సహాయక స్క్రిప్టుతో కోర్‌ఫాంట్స్, విజువల్ సీ++ రన్‌టైమ్, ఎంఎస్ఎక్స్ఎంఎల్6, డాట్‌నెట్48 వరసగా ఎక్కించాలి. డాట్‌నెట్48 దగ్గర ప్రశాంతంగా టీ తాగి రావచ్చు. అది వైన్‌తో డాట్‌నెట్‌కి బదులుగా వచ్చిన మోనోని ముందు పీకేసి, డాట్‌నెట్ 4.0 వేసి, దాని మీద 4.8 వేస్తుంది. అయ్యాక వైన్‌కాన్ఫిగ్ తెరిచి, విండోస్ వెర్షన్ 10 అనే ఉందో లేదో చూసుకోవాలి. విండోస్ 7కి మారిపోయి ఉంటే ఇన్‌స్టాలర్ మొదటి పేజీలోనే సాగనంపుతుంది. ఇంత చేశాక తెలిసే విషయం ఏమిటంటే, 2025 వెర్షన్ నుంచి ఆటోక్యాడ్ వేరే రకమైన డాట్‌నెట్ 8కి మారిపోయింది.

ఇన్‌స్టాలరే గట్టెక్కిందనుకుందాం, కంగారు పడొద్దు, లాగిన్ మిగిలే ఉంది. ఈ రోజుల్లో లైసెన్స్ అంటే పెట్టెలో వచ్చే సీరియల్ నంబరు కాదు. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ చాలా సాఫ్ట్‌వేర్‌లకు శాశ్వత లైసెన్సులు అమ్మడం 2016 జనవరి 31తోనే మానేసింది. ఇప్పుడు సైన్ ఇన్ నొక్కితే బ్రౌజర్ తెరుచుకుంటుంది. అందులో పాస్‌వర్డ్ కొడితే, బ్రౌజర్ ఒక ప్రత్యేకమైన లింకుతో తిరిగి ప్రోగ్రాముని పిలవాలి. విండోస్‌లో ఆ లింకు ఎవరిదో రిజిస్ట్రీకి తెలుసు. లినక్స్ బ్రౌజర్‌కి తెలియదు. “లాగిన్ విజయవంతం” అని బ్రౌజర్ అంటుంది, “సైన్ ఇన్ చేయండి” అని ప్రోగ్రాము అంటుంది, మధ్యలో మీరుంటారు. ఆ లింకుని వైన్‌కి అప్పగించేలా చేత్తో ఒక డెస్క్‌టాప్ ఫైలు రాసి, దాన్ని ఆ లింకు రకానికి హ్యాండ్లర్‌గా నమోదు చేస్తే ఇది తెగుతుంది. చాలామందికి ఈ సంగతి తెలియకపోవడం వల్ల ఆఫీసుల్లో ఎంతో ప్రశాంతత నెలకొని ఉంది. అది కూడా తెగితే లైసెన్స్ సర్వీసు లేవదు. సర్వీసు లేస్తే పైనున్న బటన్ల పట్టీ, అదే రిబ్బన్, నల్లగా రావచ్చు. ఏం నడుస్తుందో ఏం నడవదో వైన్ వాళ్ల సైట్‌లో వాడినవాళ్లే గ్రేడులు ఇస్తారు, ప్లాటినం నుంచి చెత్త దాకా. చెత్త అన్న గ్రేడు అధికారికంగానే ఉంది. కొత్త క్యాడ్ వెర్షన్లకు ఏ గ్రేడు దక్కిందో వెతికి చూసి ఉత్సాహం పోగొట్టుకోకండి.

ఒక హెచ్చరిక మాత్రం నిజంగానే. ఏదో పాడైందని ప్రిఫిక్స్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి మొదటికి రావడం వైన్‌లో మామూలు అలవాటు. మిషనుకి కట్టిన లైసెన్సులు ఉంటే ఆ ఫోల్డర్‌తో పాటు యాక్టివేషనూ పోతుంది. సాలిడ్‌వర్క్స్ లాంటివాటిలో ముందు డీయాక్టివేట్ చేసి, తర్వాతే తుడవాలి. లేకపోతే “మీ లైసెన్స్ ఇంకో కంప్యూటర్‌లో ఉంది” అంటుంది, ఆ ఇంకో కంప్యూటర్ ఇదే.

వైన్ కుదరనివాళ్లకి వర్చువల్ మిషను. లినక్స్ లోపల వర్చువల్‌బాక్స్, దాంట్లో అసలు విండోస్, దాంట్లో క్యాడ్. దీంట్లో ఉన్న సొగసు చూడండి: విండోస్ 11ని మోయలేదని పక్కన పెట్టిన మిషనే ఇప్పుడు లినక్స్‌నీ విండోస్‌నీ ఒకేసారి మోస్తుంది. లేని టీపీఎం చిప్‌ని సాఫ్ట్‌వేర్‌లో సృష్టించి విండోస్‌కి చూపిస్తారు, విండోస్ నమ్ముతుంది. 16 జీబీ ర్యామ్‌లో ఎనిమిది ఇటు, ఎనిమిది అటు. విండోస్ లైసెన్సు మళ్లీ కొనాలి కాబట్టి “ఫ్రీ” అన్నవాడు ఆ రోజు సెలవు పెడతాడు.

2డీ ప్లాన్లు ఇందులో గీయొచ్చు, అదొక్కటే దీనికున్న లోపం. 3డీకి వస్తే గొప్పగా పనిచేస్తుంది, అంటే పని జరగదు. వీడియో మెమరీ గీటుని కుడి చివరికి లాగినా 128 ఎంబీ, మహా అయితే 256 ఎంబీ దగ్గర ఆగుతుంది. సాలిడ్‌వర్క్స్ లోపలికొచ్చి గ్రాఫిక్స్ కార్డు కోసం వెతికి, గుర్తు తెలియని వర్చువల్ కార్డు కనబడగానే బొమ్మకి నిజమైన మెరుపులద్దే రియల్‌వ్యూ బటన్‌ని బూడిద రంగులోకి మారుస్తుంది. ఆప్షన్లలో సాఫ్ట్‌వేర్ ఓపెన్‌జీఎల్ దగ్గర టిక్ పెడితే కనీసం తెర నల్లబడకుండా ఉంటుంది, కానీ బొమ్మంతా ప్రాసెసరే గీయాలి. ఓ రెండు వందల పార్టుల అసెంబ్లీని మౌస్‌తో తిప్పి చూడండి. మీరు తిప్పడం ఆపాక అది తిరగడం మొదలుపెడుతుంది.

దీనికి విరుగుడు ఉంది, దాన్ని దూరంగా ఉంచాలి. పేరు జీపీయూ పాస్‌త్రూ, చేసేది వర్చువల్‌బాక్స్‌లో కాదు, లినక్స్‌లోనే ఉన్న కేవీఎంలో. మిషన్లో రెండు గ్రాఫిక్స్ కార్డులుంటే ఒకటి లినక్స్‌కి ఉంచి, రెండోది పూర్తిగా వర్చువల్ విండోస్‌కి ధారపోయడం. బయోస్‌లో పరికరాలను వర్చువల్ మిషనుకి అప్పగించనిచ్చే వీటీ-డీ ఆన్ చేయాలి, ఏఎండీలో అయితే ఎస్‌వీఎం, ఐఓఎంఎంయూ రెండూ. కెర్నల్ లైనులో ఐఓఎంఎంయూ చేర్చి, కార్డు ఐడీతో పాటు దాని హెచ్‌డీఎంఐ ఆడియో ఐడీ కూడా వీఎఫ్‌ఐఓ డ్రైవర్‌కి అప్పగించాలి. ఆడియోని మర్చిపోతే కార్డు కదలదు, రెండూ ఒకే గ్రూపు. కొన్ని మదర్‌బోర్డుల్లో అదే గ్రూపులో హార్డ్‌డిస్క్ కంట్రోలర్ కూడా కూర్చుని ఉంటుంది, అప్పుడు స్లాట్ మార్చాలి, లేదా బోర్డే మార్చాలి. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వర్టిఐఓ డ్రైవర్ల ఐఎస్‌ఓ పక్కన తగిలించకపోతే “డిస్కే లేదు” అంటుంది. ఒకప్పుడు ఎన్విడియా జీఫోర్స్ డ్రైవరు తను వర్చువల్ మిషన్లో ఉన్నానని పసిగట్టి కోడ్ 43 చూపించి కూలబడేది. 2021లో ఆ అడ్డు కూడా తీసేశారు. ఆ తర్వాత ఇది దాదాపు అసలు విండోస్ వేగంతో నడుస్తోంది. వారం రోజులు శ్రమించి ఈ దుస్థితికి చేరినవాళ్లు ఉన్నారు. వాళ్లిప్పుడు గీయక తప్పడం లేదు.

మ్యాక్ కొనుక్కున్నవాళ్ల సంగతి క్లుప్తంగా. ఎం1 చిప్ నుంచి, మ్యాక్‌లో నేరుగా విండోస్ వేసుకునే బూట్‌క్యాంప్ లేదు. ప్యారలల్స్ అనే వర్చువల్ మిషన్లో ఆర్మ్ విండోస్ వేసి, దాంట్లో ఇంటెల్ కోసం రాసిన క్యాడ్‌ని అనువాదంలో నడపాలి. ఆటోక్యాడ్‌కి సొంత మ్యాక్ వెర్షన్ ఉంది, బాగుంటుంది. ఆఫీసులో ఎవరో మహానుభావుడు రాసి పెట్టి వెళ్లిపోయిన ఏరియా స్టేట్‌మెంట్ లిస్ప్ ప్రోగ్రాము ఒకటుంటుంది కదా, అది అక్కడ తెరవండి. అందులో వీఎల్ఏఎక్స్ అని మొదలయ్యే మాట తగలగానే “నో ఫంక్షన్ డెఫినిషన్” అని ఆగిపోతుంది. ఆ మాటకి కావలసిన యాక్టివ్ఎక్స్ విండోస్ సరుకు, మ్యాక్‌లో దొరకదు.

ఇక ఏం వాడకూడదో చెప్పాలి. బ్రిక్స్‌క్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో నేరుగా నడుస్తుంది, ఆటోక్యాడ్ ఫైళ్ల డీడబ్ల్యూజీనే తన సొంత ఫార్మాట్‌గా వాడుతుంది, కమాండ్లు దాదాపు అవే. ఇన్‌స్టాల్ చేసిన మధ్యాహ్నమే డ్రాయింగు మొదలైపోయే ప్రమాదం ఉంది. డబ్బు పెట్టాలి అన్నదొక్కటే మనకున్న అండ. ఆన్‌షేప్ ఇంకా ప్రమాదం, బ్రౌజర్ ఉంటే చాలు. సాలిడ్‌వర్క్స్‌ని స్థాపించిన జాన్ హర్ష్‌టిక్కే తర్వాత దాన్నీ పెట్టాడు. ఉచిత ప్లాన్‌లో మీ డిజైన్లన్నీ లోకానికి కనబడతాయి కాబట్టి, ఆ కారణం చూపి తప్పించుకోవచ్చు. ఫ్రీక్యాడ్ కొన్నేళ్లు మన పక్షానే ఉండేది: స్కెచ్‌లో ఒక గీత మారిస్తే, ఒక అంచుని గుండ్రం చేయడానికి వేసిన ఫిల్లెట్ వెళ్లి ఇంకో అంచు మీద కూర్చునేది. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0లో దాన్ని చాలావరకు బాగుచేసి మనకు అన్యాయం చేశారు. అయినా సాలిడ్‌వర్క్స్ పార్ట్ ఫైలుని అది చదవలేదు. అన్ని క్యాడ్‌లకూ అర్థమయ్యే స్టెప్ ఫార్మాట్‌లో తెప్పించుకుంటే ఆకారం వస్తుంది, దాన్ని ఎలా కట్టారో ఆ ఫీచర్ ట్రీ రాదు. రంధ్రం 8 మిల్లీమీటర్ల నుంచి 10కి మార్చమన్నప్పుడు ఈ సంగతి తెలియడం మంచిది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక డ్రాయింగు పూర్తయిపోయిందనుకోండి, ఇంకా ఆశ వదులుకోవద్దు. ఫైలు లోపల మనవాళ్లు ఉన్నారు. డ్రాయింగుకి తగిలించిన ఇంకో డ్రాయింగు, అంటే ఎక్స్‌రెఫ్, దారి డీ డ్రైవుతో మొదలైతే లినక్స్‌లో అది ఎక్కడికీ పోదు. రిలేటివ్ పాత్ పెట్టినా, కాలమ్ అనే ఫైలు పేరు ఒకచోట పెద్దక్షరాల్లో, ఇంకోచోట చిన్నక్షరాల్లో ఉంటే లినక్స్ దృష్టిలో అవి వేరు వేరు ఫైళ్లు. లాగితే సైజు మారే డైనమిక్ బ్లాకులు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే తరచూ స్టారు, యూ, ఒక నంబరు పేరుతో కదలని బొమ్మలైపోతాయి. ఆటోక్యాడ్ సొంత రకమైన ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటు దొరక్కపోతే సింప్లెక్స్ వచ్చి కూర్చుని డైమెన్షన్లను గోడల్లోకి నెడుతుంది. లేఅవుట్ ప్లాన్‌లో నాలుగు సరిహద్దులు తెలుగులో రాసి ఉంటే ఇంకా శ్రేష్ఠం. విండోస్ వాళ్ల గౌతమి ఫాంటు లినక్స్‌లో ఉండదు, బదులుగా లోహిత్ లాంటిది వచ్చి వెడల్పులు మార్చేస్తుంది. అనూ ఫాంట్లో రాసినదైతే యూనికోడ్ కాదు కాబట్టి, తూర్పు హద్దు ఎవరి స్థలమో ఇంగ్లీషు అక్షరాల కలగాపులగంలో వెతుక్కోవాలి. వీటిలో చాలావాటిని సరిచేయాలనే దుర్బుద్ధి పుడితే, ఎస్‌హెచ్‌ఎక్స్ ఫైళ్లు డ్రాయింగు ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టి, తెలుగు ఫాంట్లు అవతలి మిషన్లో ఇన్‌స్టాల్ చేయించి, ఎక్స్‌రెఫ్‌లని బైండ్ చేసి, అంటే డ్రాయింగులోనే కలిపేసి పంపితే సరిపోతుంది.

ఆఖరి అండ ప్లాటింగ్ షాపు. ఏ1 షీటు తీయించడానికి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తే అక్కడ నడిచేది ఆటోక్యాడ్ 2007.

“ఇది ఓపెన్ అవట్లేదు సార్. ఏ వెర్షన్లో చేశారు?”

“లినక్స్‌లో చేశామండీ.”

“అదే వెర్షన్ అండీ? కొత్తదా?”

డీడబ్ల్యూజీని టెక్స్ట్ ఎడిటర్లో తెరిస్తే మొదటి ఆరు అక్షరాల్లో జవాబుంటుంది. ఏసీ1032 అంటే 2018 ఫార్మాట్. ఏసీ1021 అంటే 2007, ఆ షాపుకి అర్థమయ్యే భాష. సేవ్ యాజ్‌లో 2007 ఎంచుకుని ఇచ్చినా, పీడీఎఫ్ చేసి ఇచ్చినా, షీటు అయిదు నిమిషాల్లో బయటికొస్తుంది. అందుకే ఈ ముక్క షాపువాడికి చెప్పకుండా, వెర్షన్ కనుక్కుని రేపొస్తామని చెప్పి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకోవాలి.