ఇంకా ఆడలేదనుకోండి

మొన్న ఒక సమీక్ష చూశాను. ఓ హారర్ రోల్‌ప్లేయింగ్ గేమ్ మీద 22 నిమిషాల వీడియో. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు పాత్రలై, మామూలుగా పాచికలు వేస్తూ, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలివి, నియమాలు పుస్తకంలో ఉంటాయి. అట్ట మీద 3 నిమిషాలు, కాగితం మందం మీద 4, లోపలి బొమ్మల మీద 6, పుస్తకంలోంచి నాలుకలా వేలాడే ఎర్ర రిబ్బను మీద అక్షరాలా 5 నిమిషాలు. ఒక దశలో ఆయన పుస్తకాన్ని బార్లా తెరిచి, ముఖం అందులో దూర్చి, కళ్లు మూసుకుని వాసన చూశారు. బాగుందట. మిగిలిన 4 నిమిషాల్లో నియమాల సంగతి తేల్చేసి, పదికి తొమ్మిదిన్నర వేసి, నమస్కారం పెట్టి, కెమెరా ఆపడానికి చెయ్యి చాపుతూ ఓ మాట జారవిడిచారు: "ఇంకా ఆడలేదనుకోండి."

అనుకోవాలట! ఎందుకనుకోవాలి? ఆడలేదు. అది మనం అనుకోవలసిన సంగతి కాదు, ఆయన చెయ్యని పని. అప్పు తీర్చనివాడు "ఇంకా ఇవ్వలేదనుకోండి" అంటాడు, పరీక్ష తప్పినవాడు "పాసవలేదనుకోండి" అంటాడు. చేసిన తప్పును ఎదుటివాడి ఊహలోకి నెట్టేసి చేతులు దులుపుకోవడానికి ఇంత చక్కటి క్రియాపదం మనకు దొరకడం మన అదృష్టం.

ఆయన్ను తప్పు పట్టడానికి నేనెవణ్ణి? ఇది కొత్త శాస్త్రం. ఈ శాస్త్రం ప్రకారం మృదంగాన్ని సమీక్షించాలంటే తోలు నిమిరి చూస్తే సరి, వాయించడం ఎప్పుడో తీరికున్నప్పటి మాట. ఈత కొలను ఎలా ఉందో పలకల నునుపు చూసి చెప్పవచ్చు. నీళ్లలో దిగితే లేనిపోని అభిప్రాయాలు ఏర్పడి నిష్పాక్షికత దెబ్బతింటుంది కూడా.

నాది పాత పద్ధతి. నలుగురిని కూర్చోబెట్టి మూడుసార్లు నడిపితే తప్ప ఆట గురించి నోరు విప్పకూడదని ఓ పిచ్చి నియమం పెట్టుకున్నాను. మొదటిసారి ఎవరికీ నియమాలు తెలియవు. రెండోసారి, తెలుసుకున్నవి తప్పని తెలుస్తుంది. మూడోసారి ఆడతాం. ఆ మూడో రోజు నలుగురికీ ఒకేసారి ఖాళీ దొరికి, నేను వీడియో ఎడిట్ చేసి పెట్టేసరికి లోకం ఆ ఆటను మరిచిపోయి ఉంటుంది, ఆయన గారు ఇంకో పుస్తకం రిబ్బను నిమురుతూ ఉంటారు. వీడియో చూసేవాళ్లలో సగం మంది నా బల్ల దగ్గర కూర్చున్న ఆ నలుగురే. అసూయ లేదని చెప్పను. ఉంది. దాన్ని పక్కన పెట్టి మాట్లాడుకుందాం.

ఆ రోజు నుంచి ఆయన వీడియోలన్నీ వరసగా చూశాను. ఏ అభిమానీ ఆయన్ను ఇంత శ్రద్ధగా చూసి ఉండడు.

'కాల్ ఆఫ్ క్తుల్హూ' తీసుకోండి. 1981లో కేయాసియం అనే సంస్థ తెచ్చిన ఆట, ఈ కుదురుకంతటికీ పెద్దన్న. పాత్రలకు మతిస్థిమితం పాయింట్లుంటాయి, చూడకూడనివి చూస్తే తగ్గుతాయి. ఇంతవరకూ వెనక అట్ట చదివినవాడైనా చెబుతాడు. అసలు గమ్మత్తు ఇంకోటుంది. ఆ చూడకూడనివాటి గురించిన నిషిద్ధ విద్య కూడా ఒక నైపుణ్యంగా పాత్ర కాగితం మీద ఉంటుంది. అది పెరిగినకొద్దీ, మతికున్న పై హద్దు 99 లోంచి అంతకంత కోత పడుతుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని మనవాళ్లు నోటిమాటగా అని ఊరుకున్నారు. వీళ్లు దానికి తీసివేత లెక్క కట్టారు.

ఇంకా ఉంది. ఒక్క దెబ్బకు 5 పాయింట్లో అంతకన్నా ఎక్కువో పోతే, తెలివి మీద పాచికలు వేయాలి. గెలిస్తే పిచ్చెక్కుతుంది. ఓడితే బతికిపోయినట్టే, చూసిందేమిటో బుర్రకెక్కలేదు కాబట్టి. చదివితే ఇది ఒక వాక్యం, రెండు వాక్యాలు. నా బల్ల దగ్గర ప్రొఫెసర్ వేషం కట్టిన మిత్రుడు పాచికలు విసిరి, అంకె చూసి, "కొట్టాను!" అని రెండు చేతులూ పైకెత్తాడు. ఆ చేతులు సగం దిగేసరికి అతనికి అర్థమైంది తను గెలిచిందేమిటో. చేతులు అక్కడే ఆగిపోయాయి. ఈ నియమం గురించి ఆ చేతులు చెప్పినంత నేను చెప్పలేను. చూపిద్దామంటే, సరిగ్గా అప్పుడే నా కెమెరాలో మెమరీ కార్డు నిండిపోయింది.

సమీక్షకుల వారికి ఇలాంటి ప్రమాదాలుండవు. ఆట తాలూకు జ్ఞానం సున్నా కాబట్టి, నియమం ప్రకారమే ఆయన మతి 99 దగ్గర నిండుకుండలా ఉంటుంది.

'మదర్‌షిప్' దగ్గర ఆయన మొహం వాడిపోయింది. అంతరిక్షంలో నడిచే హారర్ ఆట అది, 2018లో మొదలైంది. పిన్నులు కొట్టిన సన్నపాటి పుస్తకాలు, రిబ్బను ఉండదు. ఆ దుఃఖం దిగమింగుకుని నైపుణ్యాల జాబితా అంతా వేలితో తడిమి, "స్టెల్త్ పెట్టడం మర్చిపోయారండీ" అని ఒక మార్కు కోశారు. మర్చిపోయారట! అది లేకపోవడంలోనే ఉంది ఆటంతా. ఆ చప్పుడు కాకుండా నక్కే నైపుణ్యం ఉంటే ఆటగాడు ఏమంటాడు? "నక్కుతున్నాను" అంటాడు, పాచికలు వేస్తాడు, అయిపోయింది. లేదు కాబట్టి నేను అడగాలి: ఎక్కడ నక్కావు? అలమారులోనా? తలుపు పూర్తిగా మూసుకుందా? నీ చేతిలో ఆ రేడియో ఆన్‌లోనే ఉందిగా? అడుగుతున్నకొద్దీ ఆటగాడి గొంతు తగ్గిపోతుంది. ఎవరూ చెప్పకుండానే మిగతావాళ్లూ గుసగుసల్లోకి దిగుతారు. ఒక రాత్రి మా నలుగురూ గంటసేపు మైకుకు అందనంత సన్నగా మాట్లాడుకున్నారు. ఎడిటింగ్‌లో శబ్దం పెంచి పెంచి నా ఇయర్‌ఫోన్లలో గోడ గడియారం సమ్మెట దెబ్బల్లా మోగింది, వాళ్ల మాటలు మాత్రం వినబడలేదు. ఆ వీడియో చూసినవాళ్లందరూ ముక్తకంఠంతో ఆడియో బాగాలేదన్నారు.

ఇక 'టెన్ క్యాండిల్స్'. ఇది చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను.

2015లో వచ్చిన ఆట. పది కొవ్వొత్తులు వెలిగించి, గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పేసి ఆడాలి. పాచికల్లో ఒక్క ఆరైనా పడకపోతే ఒక కొవ్వొత్తి ఆర్పాలి. ఆరినది మళ్లీ వెలిగించడం లేదు. పదీ ఆరాక ఒక్క పాత్ర కూడా మిగలదు, ఆ సంగతి మొదట్లోనే అందరికీ చెప్పేస్తారు. అంటే ఇది చీకటి కోసం రాసిన ఆట. దీన్ని వీడియో తీద్దామని బయల్దేరిన మహానుభావుణ్ణి నేను.

ఆటకు చీకటి కావాలి, కెమెరాకు వెలుగు కావాలి. రింగ్ లైటును గది మూల గోడవైపు తిప్పి, సన్నగా పెట్టి, "ఇది వెన్నెల అనుకోండి" అన్నాను. చూశారా, ఆ జబ్బు నాకూ అంటుకుంది. మిత్రులు ఒప్పుకోలేదు, ఆర్పించారు. ఫ్యాను వేస్తే కొవ్వొత్తులు ఆరతాయి, పైగా మైకులో హోరు. ఆపేశాం. కిటికీలు మూశాం. పది మంటలు, ఐదుగురు మనుషులు, గాలి లేని గది. ప్రళయం రాకముందే చెమట ఏరులై పారింది. కెమెరా దేని మీద ఫోకస్ చెయ్యాలో తెలియక కొవ్వొత్తికీ మనిషికీ మధ్య ఊగిసలాడి, చివరికి ఒకాయన ముక్కు మీద స్థిరపడి, మరి కదలలేదు.

అప్పుడు తుమ్మాడు ఒకడు. పాత్రల పరిచయాలు కూడా కాలేదు. ఒక కొవ్వొత్తి పోయింది. తుమ్ము లెక్కలోకి వస్తుందా రాదా అని పావుగంట ధర్మమీమాంస. తుమ్మినవాడేమో, ఆ తుమ్ము తనది గాని తన పాత్రది కాదు అని వాదించాడు. ఆ వాదనకు ఇవ్వాళ్టికీ నా దగ్గర జవాబు లేదు. నియమం మాత్రం నిర్దయగా ఉంది: ఎలా ఆరినా ఆరినట్టే. ఒక్క పాచికా వెయ్యకుండానే లోకంలో పదో వంతు వెలుగు పోయింది, జలుబు మూలాన.

నవ్వుకున్నాం. అప్పటికి నవ్వొచ్చింది. ఈ ఆటలో ఒక్కో కొవ్వొత్తి ఆరినప్పుడల్లా అందరూ వంతులవారీగా కొన్ని నిజాలు చెప్పాలి, ఎన్ని కొవ్వొత్తులు మిగిలాయో అన్నే. లోకం చీకటిగా ఉందనే మాటతో మొదలవుతుంది. మేమింకా బతికే ఉన్నామని అందరూ కలిసి అనడంతో ముగుస్తుంది. తొమ్మిది వెలుగుతున్నప్పుడు ఆ చివరి మాట బడిపిల్లల్లా అరిచారు. మూడు మిగిలేసరికి గొణిగారు.

ఇంకో నియమం ఉంది. ఆట మొదట్లోనే ప్రతి ఒక్కరూ తమ పాత్ర చివరి మాటలు రికార్డు చేసి పెట్టాలి. మా తుమ్ముల వీరుడు కిసుక్కున నవ్వుతూ, "నాకు కాస్త లేటవుతుంది, తలుపు గడియ పెట్టుకోకండి" అన్నాడు. అంతే అతని వీలునామా. రెండున్నర గంటల తర్వాత పదో కొవ్వొత్తి ఆరింది. కళ్లు పొడుచుకున్నా కనబడని చీకట్లో నేను ఫోను తడుముకుని రికార్డింగ్ మొదలెట్టి, తెరను బల్లకేసి బోర్లించాను. ఆ కిసుక్కు వినబడింది. లేటవుతుంది, గడియ పెట్టుకోకండి.

లైటు వెయ్యడానికి ఎవరూ లేవలేదు. రెండు నిమిషాలు. నా చానల్ మొత్తం మీద నేను తీసిన వాటిల్లో అంత మంచి రెండు నిమిషాలు ఇంకెక్కడా లేవు. తెర మీద ఏమీ లేదు, ఒట్టి నలుపు. చూసినవాళ్లలో ఎక్కువమంది సరిగ్గా అక్కడే వీడియో మూసేసి వెళ్లిపోయారు. ఒక దయామయుడు మాత్రం, "అన్నా, కెమెరా పోయినట్టుంది, చూపించుకో" అని రాశాడు.

ఇదే ఆట మీద సమీక్షకుల వారి తీర్పు ఏమిటో తెలుసా? కొవ్వొత్తులు పుస్తకంతోపాటు ఇవ్వలేదట, విడిగా కొనుక్కోవాలట. ఒక మార్కు కోత. అందరూ చస్తారని ముందే చెప్పేస్తే ఉత్కంఠ ఏముందట. ఇంకో మార్కు.

2005 నాటి 'డ్రెడ్'లో అసలు పాచికలే ఉండవు. కష్టమైన పని ఏది చెయ్యాలన్నా పేర్చిన చెక్కముక్కల గోపురంలోంచి ఒక ముక్క లాగి పైన పెట్టాలి, కూల్చినవాడి పాత్ర అవుట్. ఆయన గారు ఆ నియమం చదివి "చిన్నపిల్లల ఆటలా ఉంది" అన్నారు. మూడో గంటలో ఆ గోపురం ముందు పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టి, బల్లకు మోకాలు తగులుతుందని కుర్చీలు వెనక్కి జరుపుకోవడం చూస్తే ఏమనేవారో. చూడలేదనుకోండి.

వీటన్నిటికీ నవ్వి ఊరుకునేవాణ్ణే. ఆ 22 నిమిషాల వీడియోలో మరో అయిదు క్షణాలున్నాయి. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, "ఇది సేఫ్టీ టూల్స్ అనీ, సున్నిత మనస్కుల కోసం, హారర్ ఆడేవాళ్లకు ఇవన్నీ ఎందుకు" అని నవ్వి, రెండు పేజీలు కలిపి తిప్పేశారు.

ఆ రెండు పేజీల్లో ఏముందో నేను చెబుతాను. జాన్ స్టవ్రోపోలస్ రూపొందించిన ఎక్స్ కార్డు గురించి ఉంది. బల్ల మధ్య ఒక కార్డు, దాని మీద ఒక ఇంటూ గుర్తు. ఆటలో వస్తున్నది ఎవరికైనా భరించరానిదైతే దాన్ని ముట్టుకుంటే చాలు, ఆ విషయం అక్కడితో తీసేసి ముందుకు పోతారు. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఒక అట్టముక్క, ఒక పెన్ను. ఇంతే దాని ఖరీదు.

మా బల్ల దగ్గర అందరికంటే ఎక్కువగా నవ్వేదీ, నవ్వించేదీ ఒకామె. ఒక రాత్రి నేను నడిపిన కథలో పాత ఇల్లు, పై అంతస్తు, మూసి ఉన్న ఒక తలుపు, దాని వెనక చిన్నపిల్ల గది. ఆ తలుపు కోసం నేను పది రోజులు కష్టపడ్డాను. గొళ్లెం చప్పుడు కూడా సిద్ధం చేసి ఉంచాను. గొళ్లెం కదిలిందని చెప్పాను. ఆమె నవ్వలేదు. కొద్దిసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆమె చెయ్యి నెమ్మదిగా బల్ల మీదుగా వచ్చి ఆ కార్డు మీద ఆగింది. వేళ్లు వణుకుతున్నాయి. "ఆ గది లేదు. మీరింకా మెట్ల దగ్గరే ఉన్నారు" అన్నాను. ఆట సాగింది. ఎందుకని అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఆ రాత్రి ఆఖరిదాకా ఆడిందామె, అందరికంటే చీకటి చోటికి అందరికంటే ముందు దిగింది.

నువ్వు పుస్తకం వాసన చూసుకో, నాకేం అభ్యంతరం లేదు. రిబ్బను మెడకు చుట్టుకుని ఊరేగు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి చటుక్కున మౌనంగా అయిపోతే ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడనివాడివి, ఆ పేజీలు ఎవరికి కావాలో ఎవరికక్కర్లేదో చెప్పడానికి నువ్వెవరు? నీ మాట విని రేపు ఒక కుర్రాడు మొదటిసారి ఆట నడుపుతాడు. ఆ కార్డు పెట్టడు. ఎదుటి అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగితే తన ఆట అద్భుతంగా నడిచిందనుకుంటాడు. ఆ ముఖాన్ని థంబ్‌నెయిల్‌గా పెట్టి, ఆటగాళ్లను ఏడిపించానని వీడియో చేస్తాడు. అలాంటివి నేను చూశాను. అది భయపెట్టడం కాదు. నమ్మి వచ్చి కూర్చున్నవాళ్లను పొడవడం.

సరే. గొంతు పెంచినట్టున్నాను, మైకు తట్టుకోలేదు.

నిన్న నాకూ ఒక కొత్త పుస్తకం వచ్చింది. మందపాటి అట్ట. రిబ్బన్లు ఒకటి కాదు, రెండు. ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. గదిలో ఎవరూ లేరని చూసుకుని కాసేపు నిమిరాను. బాగుంది. సమీక్ష ఎప్పుడని అప్పుడే ఇద్దరు అడిగారు. ఆదివారం మొదటి ఆట పెట్టుకున్నాం, నలుగురూ వస్తామన్నారు.

ముగ్గురే వస్తారనుకోండి.