మేనమామ వరస తప్పా, బలవంతం తప్పా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ళకి ఈ ఇబ్బంది బాగా తెలుసు. అమ్మాయికి పెళ్ళి కుదిరింది, అబ్బాయి ఎవరో కాదు సొంత మేనమామే అని చెప్పగానే పక్కింటి ఒడియా వాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వాళ్ళకి మామూ అంటే తండ్రిలాంటివాడు, ఆయనతో పెళ్ళేంటి? మనకేమో ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటుంది, ఆస్తి చెదిరిపోదు. అలాగని మనకి పట్టింపులు లేవా? పెదనాన్న కొడుకుని చేసుకుంటానని తెలుగింటి పిల్ల అంటే ఇల్లు పీకి పందిరేస్తాం. అదే సంబంధం ముస్లిం కుటుంబాల్లో నిక్షేపంగా చెల్లుతుంది.

ఇది చూసి కొందరు తప్పొప్పులన్నీ మనుషులు ఎక్కడికక్కడ పెట్టుకున్నవే అంటారు. భక్తులు ఒప్పుకోరు, దేవుడి ధర్మం ఊరిని బట్టి మారదంటారు. ఈ గొడవ మన శాస్త్రాల్లోనే ఉంది. దక్షిణాది వాళ్ళకే ప్రత్యేకమంటూ బౌధాయన ధర్మసూత్రం చెప్పిన ఐదు ఆచారాల్లో మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడం రెండు. ఉత్తరాది వాళ్ళకి సముద్రయానం, ఉన్ని అమ్మకం లాంటివి అంటగట్టింది. ఎవరి ఆచారం వాళ్ళ ప్రాంతంలోనే చెల్లుతుంది, ఒకచోటిది ఇంకోచోట చేస్తే దోషం అని చెప్పి, ఇంకో ధర్మసూత్రకారుడు గౌతముడు మాత్రం ఈ ప్రాంతాచారం మాటే తప్పన్నాడని ఆ వెంటనే రాసింది.

వరస విషయంలో నేను ఆ ప్రాంతాచారం మాటవైపే. పొరుగువాళ్ళ ఏవగింపు మనకి శాసనం కాదు, మనది వాళ్ళకీ కాదు. కానీ ఇంట్లోకి వచ్చి చూడండి. ఐదేళ్ళ పిల్ల ఆడుకుంటుంటే మేనమామ గుమ్మంలో అడుగుపెడతాడు, "అదిగోనే నీ మొగుడొచ్చాడు" అని అమ్మమ్మ నవ్వుతుంది, పిల్ల తలుపు వెనక్కి పరిగెడుతుంది. పెద్దయ్యాక ఆ పిల్ల నాకొద్దు అంటే? ఆచారమే ధర్మం అనుకుంటే తప్పు ఆ పిల్లదే అవుతుంది, ఆమె తరఫున మాట్లాడటానికి మన చేతిలో ఏమీ మిగలదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు వితంతు వివాహం జరిపించినప్పుడు ఆచారమంతా ఆయనకి ఎదురే, వెలి కూడా వేశారు. ఊరి మాటే ధర్మమైతే ఆరోజు ఆయనే తప్పు చేసినట్టు. ఆ మాట నేను ఒప్పుకోలేను.

అయితే ఆయన్ని వెలేసినవాళ్ళూ శాస్త్రం పేరే చెప్పారు. మన అలవాటుని తెచ్చి దేవుడి నోట్లో పెట్టడం చాలా తేలిక. అందుకే ఏది అలవాటో ఏది కాదో విడదీసిన చోట్లు నాకు విలువైనవి. కేథలిక్ చర్చి చట్టం మేనరికాన్ని నిషేధించినా అనుమతితో సడలిస్తుంది, బెదిరించి చేసిన పెళ్ళిని మాత్రం పెళ్ళిగానే ఒప్పుకోదు. 1955 హిందూ వివాహ చట్టం ఐదో సెక్షన్ చూడండి, దగ్గర చుట్టరికాల నిషేధానికి "ఆచారం ఉంటే తప్ప" అనే మినహాయింపు ఇచ్చింది, వయసు షరతుకి ఇవ్వలేదు. మేనరికపు పిల్లలకి జన్యు సమస్యల ముప్పు ఎక్కువన్న డాక్టర్ల మాట సరేసరి, అదీ ఏ ఊళ్ళోనైనా ఒకటే.

వరస గురించి ఒడియా పొరుగువాళ్ళకి మనం సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. కానీ వద్దన్న పాపానికి, తమ్ముడి పరువు తీశావంటూ కన్నతల్లే కూతురితో మాట్లాడటం మానేసి, ఇదంతా మా ఆచారం అని సమర్థించుకుంటే, అది బరంపురంలోనైనా శ్రీకాకుళంలోనైనా అన్యాయమే.