పాలసీ కాగితంలో ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అనే మాటే ఉండదు

ముసురు పట్టిందంటే చాలు, వాట్సాప్‌లో ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతుంది: “కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే టెన్షనే లేదు. వరదలో మునిగినా, ఎవరైనా గుద్దినా జేబులోంచి రూపాయి తీయక్కర్లేదు. కారు అమ్మేస్తే ఇన్సూరెన్స్ గొడవ కూడా దాంతోనే పోతుంది, బోనస్ కొన్నవాళ్లకు వెళ్తుంది.” దీన్ని నమ్మి మా ఇంట్లోనే నష్టపోయారు కాబట్టి రాస్తున్నాను.

ముందు వరద సంగతి. జనం ‘ఫుల్’ అనేది కాంప్రహెన్సివ్ పాలసీని, అంటే ఎదుటివాళ్ల నష్టంతో పాటు మన కారు నష్టానికీ వర్తించే పాలసీని. అందులో వరద నష్టానికి డబ్బులొస్తాయి, ఆ మాట నిజమే. కానీ నీళ్లు తీశాక మనం సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజిన్ పోతే, దాన్ని వరద నష్టం కింద లెక్కకట్టరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బాబాయ్ కారు బానెట్ దాకా నీళ్లలో ఉంది. నీళ్లు తీయగానే ఆత్రంకొద్దీ తాళం తిప్పాడు. ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. షెడ్డులో ఇంజిన్ విప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోయి ఉంది. సిలిండర్‌లో గాలి అయితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. పిస్టన్ పైకి వెళ్లే దారిలేక రాడ్ వంగుతుంది. నష్టం లెక్కకట్టడానికి వచ్చిన సర్వేయర్ సీట్లు, వైరింగ్ అన్నీ రాసుకుని ఇంజిన్ ఖర్చు మాత్రం కొట్టేశాడు. ఇలాంటిదాని కోసమే ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా యాడ్ ఆన్ (అదనపు కవర్) అమ్ముతారు, బాబాయ్ తీసుకోలేదు. మునిగిన కారుకు దయచేసి తాళం పెట్టకండి. ఫొటోలు తీసుకుని, కంపెనీకి ఫోన్ చేసి, బండిని లాగించుకెళ్లండి.

ఇక ‘రూపాయి తీయక్కర్లేదు’ అన్న మాట. బంపర్ మార్చారనుకోండి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. జీరో డిప్రిసియేషన్ అనే యాడ్ ఆన్ తీసుకుంటే ఆ కోత ఉండదు. అయినా ప్రతి క్లెయిమ్‌లోనూ 1500 సీసీ దాకా కార్లకు 1000, అంతకు మించితే 2000 రూపాయలు మనమే పెట్టుకోవాలి.

థర్డ్ పార్టీ పాలసీనే ఫుల్ అనుకునేవాళ్లూ ఉన్నారు. అది ఎదుటివాళ్ల నష్టానికి. మీ కారు రిపేరుకు అందులోంచి పైసా రాదు.

కారు అమ్మేశాక గొడవ వదిలిపోతుందన్నది ఇంకా ప్రమాదం. ఆర్‌సీ మారకుండా, కొన్నాయన పాలసీ రెన్యువల్ చేయించకుండా నడిపి ఎవరినైనా గుద్దితే, పరిహారం కట్టమని నోటీసు మీ ఇంటికే వస్తుంది. రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషే ఓనరని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఇక బోనస్ సంగతి. నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది కారుది కాదు, మీది. మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై, వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 దాకా వస్తుంది. అమ్మేటప్పుడు కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు. బాబాయ్ పాత కారు అమ్మినప్పుడు ఆ లెటర్ అడగాలని కూడా తెలియదు.