క్లారినెట్ గురువు వేదిక దిగకూడదు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో క్లారినెట్‌ను వృత్తిగా ఎంచుకున్నవారిలో చాలామంది ఒకవైపు కచేరీలు చేస్తూ, మరోవైపు పాఠాలు చెబుతూ జీవిస్తారు. దీన్ని రాజీ బతుకుగా చూసే ధోరణి సంగీత లోకంలో పాతదే. ఆర్కెస్ట్రాలో చోటు దొరికినవారు వాయిస్తారనీ, దొరకనివారు పాఠాలు చెప్పుకుంటారనీ ఆ ధోరణి సారాంశం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఒక పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్లకు ముప్పై దాకా స్థానాలుంటే, క్లారినెట్లకు ఉండేవి మూడో నాలుగో. వాటిలో కూర్చున్నవారు త్వరగా లేవరు కూడా. 1948లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో చేరిన స్టాన్లీ డ్రక్కర్ 2009 దాకా అక్కడే వాయించారు. అయితే అంత సుస్థిరమైన స్థానం ఉన్న ఆయన కూడా దాదాపు మూడు దశాబ్దాలు జూలియార్డ్ సంగీత విద్యాలయంలో బోధించారన్నది గమనించాలి. ఆయనకు బోధన గత్యంతరం లేక చేపట్టిన పని కాదు.

నిజానికి ఈ వాద్యం నేటి రూపానికి రావడమే ఒక గురువు చలవ. పారిస్ కన్సర్వేటరీలో క్లారినెట్ బోధించిన యాసింత్ క్లోజే, వాద్యాల తయారీదారు లూయీ ఆగస్ట్ బ్యుఫేతో కలిసి, బోమ్ అనే వాద్య నిర్మాత రూపొందించిన ఫ్లూట్‌లోని వలయాకారపు మీటల ఏర్పాటును క్లారినెట్‌కు అనువుగా మలిచి 1839లో ప్రదర్శించారు. 1844లో దానికి పేటెంటు లభించింది. జర్మనీ, ఆస్ట్రియాలను మినహాయిస్తే ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఆ పద్ధతి వాద్యమే. 1843లో వెలువడిన క్లోజే అభ్యాస గ్రంథాన్ని ఇప్పటికీ విద్యార్థులు సాధన చేస్తున్నారు. వాయించేటప్పుడు వేళ్లు ఎక్కడ తడబడతాయో తనకు తెలిసి ఉండటం, ఆ తడబాటునే విద్యార్థుల్లో నిత్యం చూస్తూ ఉండటం, ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినందువల్లే అలాంటి సంస్కరణ సాధ్యమైందని నా అభిప్రాయం.

వాయించడం, బోధించడం ఒకదాన్నొకటి విడిచి ఉండలేకపోవడానికి అసలు కారణం క్లారినెట్ స్వభావంలోనే ఉంది. వయొలిన్ గురువు శిష్యుడి కమాను పట్టును కంటితో చూడగలడు, పియానో గురువు మణికట్టును చూసి సరిదిద్దగలడు. క్లారినెట్‌లో నాదాన్ని నిర్ణయించేవన్నీ నోటి లోపలే జరుగుతాయి. నాలుక వెనుక భాగం ఎంత ఎత్తున ఉంది, గొంతు ఎంత తెరుచుకుంది, కింది పెదవి రీడ్‌ను, అంటే ఊదినప్పుడు కంపించి ధ్వని పుట్టించే పలుచని బద్దను, ఎంత బలంగా అదుముతోంది అన్నవి బయటికి కనబడవు. గురువు చెవితో విని, ఆ ధ్వని ఏ అమరిక వల్ల పుడుతుందో తన నోటి అనుభవంతో పోల్చి, తర్వాత దాన్ని మాటల్లో పెట్టాలి. ఆ అనుభవం ఎప్పటికప్పుడు తాజాగా ఉంటేనే మాట సూటిగా తగులుతుంది.

ధ్వని శాస్త్రం కూడా ఈ కష్టాన్ని పెంచుతుంది. ఒక చివర మూసుకున్న గొట్టంలా ప్రవర్తించే ఈ వాద్యంలో, కింది స్థాయిలో షడ్జమం పలికే వేళ్ల అమరికను అలాగే ఉంచి స్థాయి మార్చే మీటను నొక్కితే తారషడ్జమం రాదు, తారస్థాయి పంచమం వస్తుంది. ఫ్లూట్‌లోనూ ఓబోలోనూ రెండు స్థాయిలకూ దాదాపు ఒకే అమరిక పనిచేస్తే, క్లారినెట్ విద్యార్థి రెండింటికీ వేరువేరుగా నేర్చుకోవాలి. స్థాయి మారే చోట దాదాపు అన్ని రంధ్రాలనూ ఒక్కసారిగా మూయాలి. అక్కడ తడబడే విద్యార్థి వేళ్లను నిందించుకుంటాడు. చాలాసార్లు తప్పు ఊపిరిలో ఉంటుంది, స్వరం మారబోతోందన్న భయంతో ఒక క్షణం ముందే గాలి తగ్గిపోతుంది. ఆ భయాన్ని వేదిక మీద తాను కూడా అనుభవించే గురువు దాన్ని వెంటనే పోల్చుకుంటాడు. వారాల వ్యవధిలోనే అరిగిపోయే రీడ్ సంగతీ ఇంతే. హాలు మారినా గాలిలో తేమ మారినా దాని ధోరణి మారుతుంది. ఏ రీడ్‌ను ఏ కచేరీకి అట్టిపెట్టుకోవాలో పుస్తకం చదివి తెలుసుకోలేము.

బోధన కూడా వాద్యకారుడికి అంతే మేలు చేస్తుంది, అలవాటుగా మారి మరుగున పడిపోయిన పనులను తిరిగి తెలివిడిలోకి తెస్తుంది. బార్టోక్, కోప్‌లాండ్ వంటి స్వరకర్తల చేత తన కోసం రచనలు చేయించుకున్న క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ నలభై ఏళ్ల ప్రాయంలో మరో క్లారినెట్ వాద్యకారుడైన రెజినాల్డ్ కెల్ వద్ద శిష్యుడిగా చేరి పెదవుల అమరికనే మార్చుకున్నారు. అంత పేరున్నవాడికి అది అవసరమా అని అడగవచ్చు. అవసరమని ఆయన అనుకున్నారు.

నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది. 1953 నుంచి 1973 వరకు క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాలో ప్రధాన క్లారినెట్ వాద్యకారుడిగా ఉన్న రాబర్ట్ మార్సెల్లస్, మధుమేహం వల్ల వాయించడం విడిచిపెట్టాల్సి వచ్చాక నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో గొప్ప గురువుగా పేరు పొందారు. అయితే ఆయన తరగతి గదికి తెచ్చుకున్నది రెండు దశాబ్దాల ఆర్కెస్ట్రా అనుభవం, ఆ అనుభవంలో పదునెక్కిన చెవి. వేదికను బాగా ఎరిగినవారు దాన్ని వీడాక కూడా కొంతకాలం ఆ నిల్వ మీద బోధించగలరని ఆయన ఉదంతం చెబుతుంది. వేదిక ఎరగనివారికి అలాంటి నిల్వే ఉండదు.

కనుక సంగీత సంస్థలు అధ్యాపకుల పనిగంటలను లెక్కించే తీరు నాకు సమ్మతం కాదు. గంటల లెక్కన వేతనం పొందే తాత్కాలిక అధ్యాపకుడికి సాధన చేసిన గంటకూ, రిహార్సల్‌కు వెళ్లిన పూటకూ డబ్బు రాదు. ఆదాయం కోసం శిష్యులను పెంచుకున్నకొద్దీ అతడి సాధన తరిగిపోతుంది. నాలుగైదేళ్లు అలా గడిస్తే ఆడిషన్‌లో నిలబడే స్థితి కూడా మిగలదు. సాధనకూ కచేరీలకూ వెచ్చించే సమయాన్ని కొంతమేరకైనా బోధనలో భాగంగా గుర్తించి వేతనంలో కలపడం సంస్థలకు మోయలేని భారమేమీ కాదు, ఎందుకంటే ప్రవేశాల వేళ అవి ప్రచారం చేసుకునేది తమ అధ్యాపకుల కచేరీల గురించే.